గీతకూ కాస్త చోటు కావాలి

మోడర్న్ ఆర్ట్ అనగానే మనలో చాలామందికి ముందు నవ్వొస్తుంది. పత్రికల్లో వచ్చిన జోకులన్నీ గుర్తొస్తాయి. బొమ్మను తలకిందులుగా తగిలించినా ఎవరూ పోల్చుకోలేదనీ, కుంచె తుడుచుకున్న గుడ్డకే మొదటి బహుమతి వచ్చిందనీ... పెద్ద హోటల్ వరండాలోనో, బ్యాంకు గోడ మీదో నల్లటి గీతలూ, ఎర్రటి మరకలూ ఉన్న పటం కనిపిస్తే 'ఇదేం బొమ్మ?' అనుకుని ముందుకెళ్ళిపోతాం. పక్కన కాస్త చదువుకున్నవాళ్ళెవరైనా ఉంటే, 'నాకివన్నీ తెలీవులెండి' అని వాళ్ళు అడక్కముందే అనేస్తాం.

ఆ 'తెలీవులెండి' అన్న మాట దగ్గరే నాకు పేచీ. 'ఇది ఏం బొమ్మ?' అన్న ప్రశ్నను కాసేపు పక్కనపెట్టి, 'ఇది గీసిన చెయ్యి ఎలా కదిలింది?' అని అడిగి చూడండి. ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పగల అనుభవం మన ఆడవాళ్ళకు ఉన్నంతగా ఇంకెవరికీ లేదని నా నమ్మకం. తిరుపతి, చిత్తూరు పక్కలవాళ్ళమైతే మరీను!

చెయ్యి చెప్పే సంగతులు

మా అత్తగారు పొద్దున్నే వాకిట్లోకి తొంగిచూసి, 'ఈరోజు ముగ్గు చిన్నకోడలు వేసినట్టుందే' అనేవారు. ముగ్గు అదే, చుక్కలవే, పిండీ అదే. అయినా ఆవిడకు తెలిసిపోయేది. చిన్నకోడలి గీత సన్నంగా, ఎక్కడా ఆగకుండా పోతుంది. పెద్దకోడలిది కాస్త లావు, మలుపు దగ్గర పిండి కుప్పపడుతుంది. నాదైతే తొందర గీత. పాలు పొంగిపోతాయేమోనన్న భయం అందులో కనిపించేదట!

ఆవిడ చూసింది బొమ్మను కాదు. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య నుంచి పిండి ఎంత జారింది, మణికట్టు ఎక్కడ తిరిగింది, నడుం ఎక్కడ అలిసింది... ఇవీ ఆవిడ చూసినవి. చిన్న మెలిక మణికట్టుతో వస్తుంది. బారెడు గీత రావాలంటే భుజం కదలాలి. ఇంకా పెద్దదైతే మనిషే వెనక్కి అడుగులు వేస్తూ జరగాలి. ముగ్గు వేసినవాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేని విద్య ఇది.

శ్రీకాళహస్తికి వెళితే ఈ సంగతి ఇంకోలా తెలుస్తుంది. కలంకారీ కలం అంటే కొస చెక్కిన వెదురుపుల్ల. కొసకు కాస్త పైన ఉన్నో గుడ్డో చుట్టి దారంతో కడతారు. ఆ చుట్ట రంగునీళ్ళు పీల్చుకుంటుంది. వేళ్ళతో ఎంత నొక్కితే అంత రంగు కిందికి దిగుతుంది. కరక్కాయ పొడీ పాలూ పట్టించి ఆరబెట్టిన బట్ట మీద ముందు చింతపుల్లల బొగ్గుతో గీసుకుంటారు. దాని మీద, ఇనుప ముక్కల్నీ బెల్లాన్నీ నీళ్ళలో పులియబెట్టి తీసిన నల్లరంగుతో గీస్తారు. బొగ్గు గీతను దులిపేయొచ్చు. ఈ నల్లగీత పడిందంటే పడినట్టే. చెయ్యి తడబడితే ఆ తడబాటూ బట్టలో ఉండిపోతుంది. అక్కడ ఎన్నో ఇళ్ళల్లో ఆడవాళ్ళు గంటల తరబడి కూర్చుని ఇలా గీస్తుంటారు. రామాయణ ఘట్టాన్ని చూసి మెచ్చుకునే మనం, సీతమ్మ కొంగు అంచున ఆగకుండా సాగిన ఆ ఒక్క గీతను విడిగా చూడం. చూస్తే అందులో ఊపిరి బిగబట్టిన మనిషి కనిపిస్తుంది.

ఇక తిరుమల మెట్లు. అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లని చెబుతారు. మొక్కుకున్న ఆడవాళ్ళు మెట్టుమెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెడుతూ ఎక్కుతారు. మా వదిన మొక్కు తీర్చుకున్నప్పుడు నేనూ వెంట నడిచాను. మొదటి మెట్ల మీద పసుపు గుండ్రంగా, బొట్టు నడిమధ్యన పడింది. గాలిగోపురం దగ్గరపడేసరికి పసుపు పక్కకు సాగింది, బొట్టు జారింది. ఒక్కోచోట మూడు వేళ్ళ చారలు మాత్రమే మిగిలాయి. వెనక్కి తిరిగి చూస్తే ఆమె మోకాళ్ళ నొప్పీ ఆయాసమూ పట్టుదలా అన్నీ పసుపు చారల్లో వరసగా కనిపించాయి. అక్కడ బొమ్మేమీ లేదు. అయినా ఎంత చెప్పింది!

ఇలా చేతి కదలికే కనిపించే గీతను చిత్రకారులు జెస్చర్ అంటారు. గీతయినా, చుక్కయినా, గీరయినా, మరకయినా అలా పడిన గుర్తును మార్క్ అంటారు. ఆధునిక నైరూప్య చిత్రాల్లో చాలావాటికి ఈ రెండూ ప్రాణం. చెట్టూ పుట్టా మనిషీ లేకపోయినా చెయ్యి ఉంటుంది.

నేల మీద పరిచిన కాన్వాసు

అమెరికాలో జాక్సన్ పోలాక్ అనే చిత్రకారుడు 1947 ప్రాంతంలో కాన్వాసును గోడ మీద నుంచి దించి నేల మీద పరిచాడు. పుల్లతోనో, గట్టిపడిన కుంచెతోనో డబ్బాలోని రంగును ధారగా వదులుతూ దాని చుట్టూ తిరిగాడు. కుంచె కాన్వాసుకు తగలక్కర్లేదు. రంగుధార సన్నగా పడిందంటే చెయ్యి వేగంగా పోయినట్టు, ముద్దగా పడిందంటే ఆగినట్టు. అమెరికాలోని ఆదివాసులు రంగురంగుల ఇసుకను వేళ్ళతో జారవిడిచి నేల మీద బొమ్మలు వేస్తారు. తన పద్ధతి దానికి దగ్గరిదని ఆయనే చెప్పుకున్నాడు. 1952లో హెరాల్డ్ రోజెన్‌బర్గ్ అనే విమర్శకుడు ఇలాంటివాళ్ళ పనికి 'యాక్షన్ పెయింటింగ్' అని పేరు పెట్టాడు.

నేల మీద పరచడం, వంగడం, చుట్టూ తిరగడం, వేళ్ళతో జారవిడవడం... వింటుంటే మీకేమీ కొత్తగా అనిపించడం లేదు కదూ? అలాగని ముగ్గునూ పోలాక్‌నూ ఒకే గాటన కట్టను. ముగ్గుకు లెక్క ఉంది, చుక్క ఉంది, మొదలుపెట్టినచోటికే గీత తిరిగిరావాలన్న నియమం ఉంది. మర్నాటికి అది చెరిగిపోతుంది, ఎవరూ కొనరు. ఆయన బొమ్మకు చుక్కల్లేవు, దాన్ని మ్యూజియంలో దాస్తారు. కానీ రెండింటినీ చూసే కన్ను ఒకటే. అది మనకు ముందే ఉంది.

ఈ పోలాక్ 1944, 45లలో న్యూయార్క్‌లోని ఒక అచ్చుబొమ్మల వర్క్‌షాపులో పనిచేశాడు. దాని పేరు 'అతెలియే 17'. ఇంగ్లీషు చిత్రకారుడు స్టాన్లీ విలియం హేటర్ 1927లో పారిస్‌లో మొదలుపెట్టి, యుద్ధకాలంలో న్యూయార్క్‌కు తరలించి, 1950లో మళ్ళీ పారిస్ చేర్చిన సంస్థ అది. ముందుగా బొమ్మ అనుకోకుండా చేతిని కదలనిచ్చి, ఆ గీతలోంచి బొమ్మను వెతుక్కోవడం అక్కడ అలవాటు. పారిస్‌కు తిరిగొచ్చిన ఆ వర్క్‌షాపులో కొన్నేళ్ళకు హేటర్ పక్కన నిలబడ్డ మనిషి ఎవరో తెలుసా? మన చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి!

నందనూరు నుంచి పారిస్‌కు

కృష్ణారెడ్డి 1925లో పుట్టారు. చిన్నప్పుడు మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడిలో చదివారు. తర్వాత శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర శిష్యరికం. 1947 నుంచి రెండేళ్ళు మద్రాసు కళాక్షేత్రలో చిత్రకళ నేర్పారు. అక్కణ్ణుంచి లండన్ స్లేడ్ స్కూల్లో శిల్పి హెన్రీ మూర్ దగ్గరికీ, తర్వాత పారిస్‌కూ వెళ్ళారు. 1964లో అతెలియే 17కు హేటర్‌తో పాటు సహ డైరెక్టరయ్యారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1970ల్లో న్యూయార్క్ చేరి, అక్కడి విశ్వవిద్యాలయంలో అచ్చుబొమ్మల విద్య నేర్పారు. 2018 ఆగస్టులో న్యూయార్క్‌లోనే కన్నుమూశారు. ప్రపంచంలో అచ్చుబొమ్మలు వేసేవాళ్ళలో ఆయన పేరు వినని వాళ్ళు అరుదు. మన ఊళ్ళల్లో అడిగితే మాత్రం 'ఏ కృష్ణారెడ్డి?' అంటారు!

ఆయన చేసింది కుంచెతో గీసే పని కాదు. జింకురేకును శిల్పంలా చెక్కడం. బ్యూరిన్ అనే ఉలిపిడిని అరచేతిలో ఆనించి ముందుకు తోస్తే లోహం సన్నటి చుట్టగా లేస్తుంది. గీత వంపు తిరగాలంటే ఉలిని తిప్పడం కంటే రెండో చేత్తో రేకును తిప్పుతారు. ముగ్గు వేసేటప్పుడు మనం తిరుగుతాం, నేల కదలదు. ఇక్కడ నేలే తిరుగుతుంది, మనిషి కదలడు! చెక్కి, గీకి, ఆమ్లంతో కొరికించి, ఒకే రేకు మీద ఎత్తుపల్లాలు చేస్తారు. కళ్ళు మూసుకుని తడిమినా బొమ్మ వేళ్ళకు తెలుస్తుంది.

ఆ రోజుల్లో రంగుల అచ్చు కావాలంటే సాధారణంగా రంగుకో రేకు చెయ్యాలి. 1950ల్లో కృష్ణారెడ్డి, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ, హేటర్ బృందం కలిసి దీనికో ఉపాయం కనిపెట్టారు. పనసకాయ కోసేముందు చేతికి నూనె రాసుకుంటాం కదా, జిగురు అంటకుండా! కిటుకు దాదాపు అదే. రేకు గాట్లలో ఒక రంగు దట్టించి పైన తుడిచేస్తారు. నూనె ఎక్కువ కలిపిన పల్చటి రంగును గట్టి రోలరుతో మిట్టల మీద పూస్తారు. నూనె తక్కువున్న చిక్కటి రంగును మెత్తటి రోలరుతో దొర్లిస్తే అది పల్లాల్లోకి దిగుతుంది, పల్చరంగు ఉన్నచోట అంటుకోదు. కాగితం వేసి ప్రెస్సులో ఒక్కసారి తిప్పితే రంగులన్నీ ఒకేసారి వస్తాయి. నూనె పాళ్ళు మారిస్తే అదే రేకు నుంచి వేరే బొమ్మ! వంటింట్లో పిండి జారును వేళ్ళతో చూసి చెప్పే మనకు ఈ విద్య మరీ అంత దూరమైనది కాదు.

1963లో ఆయన వేసిన 'వర్ల్‌పూల్' చూడండి. సుడిగుండం అని పేరు. నీళ్ళ బొమ్మ మాత్రం కాదు. ఒకదాన్నొకటి తరుముకుంటూ తిరిగే గీతలు, మధ్యలోకి లాగేసే ఊపు. ఒక్క విసురులో గీసేశారేమో అనిపిస్తుంది. కానీ అది లోహంలో కాస్తకాస్తగా తవ్వుకుంటూ పోయిన పని. వేగంగా కనిపించే గీతంతా వేగంగా గీసినదే కానక్కర్లేదని నాకు ఈ బొమ్మ వల్లే తెలిసింది. 1968లో పారిస్ వీధుల్లో విద్యార్థులు తిరగబడ్డప్పుడు ఆయన 'డెమాన్‌స్ట్రేటర్స్' వేశారు. చేతులెత్తిన జనం ఒక్క ముద్దగా కలిసిపోయి కనిపిస్తారు. ముఖాలు వెతికితే దొరకవు. ఎత్తిన చేతుల బలం మాత్రం తెలుస్తుంది. ఇక్కడ గీసినది చేతి కదలికతోనే, గీయబడినదీ చేతి కదలికే.

పడగ్గదిలో గీసినావిడ

ఇప్పుడు ఆడవాళ్ళ సంగతికొద్దాం. పోలాక్ భార్య లీ క్రాస్నర్. పెళ్ళికి ముందే పేరున్న చిత్రకారిణి. 1945లో ఇద్దరూ లాంగ్ ఐలాండ్‌లోని స్ప్రింగ్స్ అనే పల్లెకు మారారు. ఇంటి పక్కనున్న పెద్ద కొట్టం పోలాక్‌కు బొమ్మలు వేసుకునే చోటయింది. ఆయన కాన్వాసు నేల మీద పరిచి చుట్టూ తిరిగింది ఆ కొట్టంలోనే. ఆవిడకు మిగిలింది మేడ మీద పడగ్గది. 1946 నుంచి 1950 దాకా ఆవిడ అక్కడే చిన్నచిన్న కాన్వాసుల మీద గీసుకుంది. వాటికి 'లిటిల్ ఇమేజెస్' అని పేరు. దగ్గరదగ్గరగా అల్లిన గుర్తులు, ఎవరికీ చదవరాని లిపిలాంటి గీతలు.

1956లో పోలాక్ కారు ప్రమాదంలో చనిపోయాడు. మరుసటి ఏడాది ఆవిడ కొట్టంలోకి మారింది. ఆ 1957లోనే వేసిన 'ద సీజన్స్' అనే బొమ్మ వెడల్పు దాదాపు 17 అడుగులు! ఆకుపచ్చా గులాబీ రంగుల్లో పెద్దపెద్ద వంపులు. మణికట్టుతో గీసే మెలికలు కావవి. భుజం నుంచి, కాలి మడమ నుంచి లేచిన గీతలు. మనిషి మారలేదు, చోటు మారింది. అంతకుముందూ ఆవిడ భుజంలో ఆ ఊపు ఉండే ఉంటుంది. పడగ్గదిలో అది పట్టే చోటేదీ?

అలాగని పెద్దబొమ్మే గొప్పదనీ, చిన్నబొమ్మ తక్కువదనీ అనుకోవద్దు. ఆ 'లిటిల్ ఇమేజెస్' ఎంత దట్టమైనవో! మన దేశంలోనే నస్రీన్ మొహమ్మదీని చూడండి. 1937లో కరాచీలో పుట్టి, 1972 నుంచి బరోడా విశ్వవిద్యాలయంలో చిత్రకళ నేర్పుతూ, 1990లో చనిపోయిన ఆవిడ చాలావరకు చిన్న కాగితాల మీదే గీసింది. పెన్సిలూ సిరా, ఇంజనీర్లు వాడే స్కేళ్ళు. మగ్గం మీద పడుగులా సన్నటి గీతలు. పెద్ద విసురుల్లేవు, రంగుల్లేవు. నరాల జబ్బుతో శరీరం మాట వినని రోజుల్లోనూ ఆమె గీత వణకలేదు. ఆ నిశ్చలత కూడా ఒక చేతి కదలికే. 2016లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తన కొత్త శాఖ తలుపులు తెరిచినప్పుడు పెట్టిన మొదటి ప్రదర్శనల్లో ఆమెది ఒకటి. అదే ఏడాది ఆ మ్యూజియంలోనే హేటర్, కృష్ణారెడ్డి, వాళ్ళ వర్క్‌షాపులో నేర్చుకున్న జరీనా హష్మీ ముగ్గురి బొమ్మలూ కలిపి చూపించారు.

నస్రీన్ చిన్నగా గీయాలని ఎంచుకుంది. లీ క్రాస్నర్‌కు ఆ పడగ్గది రోజుల్లో వేరే దారి లేదు. చిన్న గీత గీయడంలో లోటేమీ లేదు, చిన్నగానే గీయక తప్పకపోవడంలోనే ఉంది చిక్కంతా.

మన వాకిలి ఎంత మిగిలింది?

ఇదేదో అమెరికా ఆవిడ గొడవ అనుకోకండి. తిరుపతిలో మన ఇళ్ళు చూడండి. ఒకప్పుడు వాకిలంటే వీధి సగం దాకా మనదే. తెల్లవారుజామున ఎవరూ లేవకముందు, బారెడు చెయ్యి చాచి ఆడది తన ఇష్టమొచ్చినట్టు గీత లాగిన చోటు అదొక్కటే. ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. గడప ముందు రెండడుగుల గచ్చు, దాని మీద అంగట్లో కొన్న ముగ్గు స్టిక్కరు. లేదంటే చిల్లుల డబ్బా దొర్లిస్తే అచ్చు పడిపోయే ముగ్గు. పనికి తేలికే, కాదనను. పొద్దున్నే ఆఫీసుకు పరుగెత్తేవాళ్ళకు ఇంకేం గతి? కానీ అందులో ఎవరి చెయ్యీ ఉండదు. చిన్నకోడలిదో, పెద్దకోడలిదో పోల్చుకోవడానికి ఏమీ మిగలదు.

మా అపార్ట్‌మెంట్లో ముగ్గుపిండి వల్ల టైల్సు పాడవుతాయని అభ్యంతరం వచ్చింది. మేము నలుగురైదుగురం కూర్చుని మాట్లాడి, ధనుర్మాసం నెల్లాళ్ళూ కింద కార్లు పెట్టేచోట ఒక మూల అడిగి తీసుకున్నాం. కడగడం మా బాధ్యతే అని ఒప్పుకున్నాం. మొదటిరోజు మూడో అంతస్తు పెద్దావిడ దిగొచ్చారు. డెబ్బై దాటిన మనిషి. 'వంగలేను, చూసి పోతాను' అన్నారు. పది నిమిషాలు చూసి ఇక ఆగలేక కొంగు దోపుకున్నారు. గీత అక్కడక్కడా వణికింది, ఒకచోట రెండు చుక్కలు తప్పింది. లేచి నిలబడి, 'చెయ్యి సాపితే గోడ తగలకుండా ముగ్గేసి ఎన్నేండ్లయిందో మ్మా!' అన్నారు. ఆ వణికిన గీత మీద ఎవరమూ దిద్దలేదు.

చూసేటప్పుడూ, గీసేటప్పుడూ

ఈసారి నైరూప్య చిత్రం ఎదురైతే ఇలా చేసి చూడండి.

* ఏ గీతయినా ఒకటి ఎంచుకోండి. అది ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది? కళ్ళతో దాని వెంట నడవండి.

* అది వేళ్ళ గీతా, మణికట్టు గీతా, భుజం గీతా? ఎవరూ చూడనప్పుడు గాల్లో చెయ్యి తిప్పి చూడండి. ఇట్టే తెలుస్తుంది.

* రంగు ఎక్కడ పల్చబడింది, ఎక్కడ ముద్దకట్టింది? అక్కడ చెయ్యి పరుగెత్తిందా, ఆగి ఆలోచించిందా?

* ఏ గీత మీద ఏ గీత పడిందో చూడండి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది తెలిస్తే బొమ్మ కథ సగం తెలిసినట్టే.

* అప్పటికీ నచ్చలేదా? నచ్చలేదనే చెప్పండి. 'నాకు తెలీదు' అనడం వేరు, 'చూశాను, నచ్చలేదు' అనడం వేరు.

పిల్లలతో ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది. సెలవురోజున పాత దినపత్రికలు నాలుగు అతికించి నేల మీద పరవండి. చీపురుపుల్లల కట్టనో, పాత టూత్‌బ్రష్షునో, గుడ్డ చుట్టిన వెదురుపుల్లనో చేతికివ్వండి. పసుపు నీళ్ళు, బొగ్గుపొడి కలిపిన గంజి ఉంటే రంగుల ఖర్చూ లేదు. 'ఇల్లు గీయి, కొండ గీయి' అని చెప్పకండి. 'మెల్లగా గీయి, గబగబా గీయి, రెండు చేతులతో గీయి, కళ్ళు మూసుకుని గీయి' అని చెప్పండి. అయ్యాక ఏ గీత ఎలా వచ్చిందో వాళ్ళనే చెప్పమనండి. 'గీత వంకర పోయిందే' అన్నమాట మాత్రం ఆ పూటకు నోట రానివ్వకండి. మీరూ ఒక పుల్ల తీసుకోండి. ఊరికే చూస్తూ కూర్చోకండి.

ఆడపిల్లకు బొమ్మలంటే ఇష్టమైతే మనం సాధారణంగా ఇచ్చేది చిన్న డ్రాయింగ్ పుస్తకం, రంగు పెన్సిళ్ళ డబ్బా. 'గీతల మధ్యలోనే రంగు వెయ్యి, బయటికి పోనీకు' అని ఒక హెచ్చరిక. వాటితో పాటు ఒక గోడో, మిద్దెమీద ఒక మూలో, గచ్చు మీద ఆరడుగుల చోటో ఇచ్చి చూడండి. ఆ పిల్ల కృష్ణారెడ్డి అవుతుందా, లీ క్రాస్నర్ అవుతుందా అన్నది తర్వాతి మాట. చెయ్యి పూర్తిగా చాస్తే తన గీత ఎంత దూరం పోతుందో ముందు ఆ పిల్లకు తెలియాలి కదా!